పార్కిన్సన్స్ ఉన్నా కదులుతూ ఉండడం, మీ తోడుకు ఆసరాగా ఉండడం ఎలా?

పార్కిన్సన్స్ అని తేలిన రోజు నుంచీ చాలా ఇళ్ళలో ఒకరు పేషెంట్, ఇంకొకరు నర్సు అయిపోతారు. చొక్కా గుండీలు పెట్టడం, చెప్పులు తొడగడం, అన్నంలో పప్పు కలిపి ఇవ్వడం, అన్నీ భార్యే చేసేస్తుంటుంది. ప్రేమతోనే చేస్తుంది, కాదనలేం. కానీ వాడని ఒళ్ళు ఇంకా త్వరగా బిగుసుకుపోతుంది, చేసే మనిషికి నడుం పడిపోతుంది. ఈ జబ్బు ఎక్కువమందికి అరవై ఏళ్ళ ప్రాంతంలో బయటపడుతుంది. అంటే చూసుకునే మనిషిదీ చిన్న వయసేమీ కాదు. ఆవిడకీ బీపీయో, షుగరో, మోకాళ్ళ నొప్పులో ఉండే ఉంటాయి.

అందుకే ఇది జబ్బు ఉన్న మీ కోసమే రాస్తున్నాను. మీరు కదులుతూ ఉండడం, ఆవిడకు ఆసరాగా ఉండడం వేరువేరు పనులు కావు. కుర్చీలోంచి మీ అంతట మీరు లేచిన ప్రతిసారీ ఆవిడ నడుముకు ఒక బరువు తప్పుతుంది. కాస్త నెమ్మదించినా సొంతంగా నడవగలుగుతున్నవాళ్ళకు ఇందులో చాలావరకు పనికొస్తుంది. పూర్తిగా మంచం పట్టినవాళ్ళ సంగతి వేరు. మా పెద్దనాన్న, పెద్దమ్మ ఈ జబ్బుతో నెట్టుకొస్తున్న తీరు దగ్గరుండి చూస్తున్నాను, అక్కడక్కడా వాళ్ళ మాట వస్తుంది. రాయడానికి వీలుగా ‘ఆవిడ’ అంటున్నాను. జబ్బు ఉన్నది భార్యకైతే ‘ఆయన’ అని చదువుకోండి.

1. ముందు మాత్ర టైము పట్టుకోండి

మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. ఒళ్ళు నెమ్మదిస్తుంది, బిగుసుకుంటుంది, వణుకుతుంది, నడకలో తూలు వస్తుంది. వణుకు అసలే లేనివాళ్ళూ ఉంటారు. ఆ లోటు తీర్చే ప్రధానమైన మందు లెవోడోపా. మన దగ్గర ఎక్కువగా సిండోపా పేరుతో రాస్తారు. జబ్బు వచ్చిన కొన్నేళ్ళకు, మాత్ర వేసుకున్న కాసేపటికి ఒళ్ళు వదులవ్వడం, కొన్ని గంటలకు మళ్ళీ పట్టేయడం మొదలవుతుంది. వదులుగా ఉన్న సమయాన్ని డాక్టర్లు ‘ఆన్’ అనీ, పట్టేసిన సమయాన్ని ‘ఆఫ్’ అనీ అంటారు.

ఒక వారం రోజులు నోట్‌బుక్‌లో మూడే మూడు సంగతులు రాయండి: మాత్ర ఎప్పుడు మింగారు, ఒళ్ళు ఎప్పుడు వదులైంది, మళ్ళీ ఎప్పుడు పట్టేసింది. వారం తిరిగేసరికి మీ రోజు ఎలా నడుస్తోందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. స్నానం, నడక, బ్యాంకు పని, పెళ్ళికి వెళ్ళడం అన్నీ ‘ఆన్’ సమయంలోకి జరపండి. ఆ నోట్‌బుక్ ఆవిడకీ చూపించండి. ఏ రెండు గంటలు మీ పక్కన ఉండక్కర్లేదో ఆవిడకు తెలిస్తే చాలు, సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ నోట్‌బుక్కే డాక్టర్ దగ్గరకు కూడా పట్టుకెళ్ళండి. “ఎలా ఉంది?” అంటే “పర్వాలేదండీ” అనడం కన్నా అది నూరు రెట్లు నయం.

తిండితో చిక్కు ఒకటుంది. లెవోడోపా, మనం తినే ప్రొటీన్ ఒకే దారిలో పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళాలి. రెండూ ఒకేసారి వస్తే మందు వెనకబడిపోతుంది. అందుకని మాత్రను టిఫిన్‌కు అరగంట ముందు, లేదా తిన్నాక గంట ఆగి వేసుకోమంటారు. ఇడ్లీలో మినప్పప్పు ఉంది, పెసరట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. పరగడుపున వేసుకుంటే వికారంగా ఉందంటే రెండు బిస్కెట్లు తినండి. అంతేగానీ ప్రొటీన్‌కు భయపడి పప్పు, పెరుగు, గుడ్డు మానేయకండి, ఉన్న కండ కాస్తా కరిగిపోతుంది. మధ్యాహ్నం పప్పన్నం తిన్నాక ఒళ్ళు పట్టేస్తోందని నోట్‌బుక్‌లో తేలితే, పప్పూ గుడ్డూ రాత్రి భోజనానికి జరపొచ్చా అని డాక్టర్‌ను అడగండి. రక్తహీనతకు ఐరన్ మాత్ర వాడుతుంటే దానికీ దీనికీ కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

ఏకాదశి అయినా, కార్తీక సోమవారం అయినా మాత్ర మానకూడదు. ఉపవాసం ఉంటే ఉండండి, మాత్ర, నీళ్ళు మాత్రం టైముకు పడాలి. ఈ మందు ఒక్కసారిగా ఆపేస్తే విపరీతమైన జ్వరం, ఒళ్ళంతా కొయ్యబారడం లాంటి ప్రాణం మీదకు వచ్చే పరిస్థితి రావచ్చు. ఊరెళ్ళేటప్పుడు మాత్రలు పెట్టెలో పెట్టి డిక్కీలో వేయకండి, చేతిసంచీలో ఉంచుకోండి.

2. ఆయాసం వచ్చేలా కదలండి

“రోజూ కాస్త నడుస్తూ ఉండండి” అని అందరూ చెప్తారు. ఆ ‘కాస్త’తోనే వచ్చింది చిక్కు. గుమ్మం దాకా వెళ్ళి వచ్చి, నడక అయిందనిపించడం వల్ల పెద్ద ఉపయోగం లేదు. 2018లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో, జబ్బు కొత్తగా బయటపడి ఇంకా మందులు మొదలుపెట్టని వాళ్ళను వారానికి నాలుగు రోజుల చొప్పున ఆరు నెలలు ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. గుండె వేగం గరిష్ఠ స్థాయిలో 80 నుంచి 85 శాతానికి చేరేంత జోరుగా నడిచినవాళ్ళ లక్షణాలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. మామూలుగా ఉండిపోయినవాళ్ళవి ముదిరాయి. అంతకుముందు 2012లో తాయ్‌చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) మీద జరిగిన పరిశోధనలో వారానికి రెండుసార్లు, 24 వారాలు చేసినవాళ్ళకు నిలకడ బాగా మెరుగుపడింది. ఒట్టి స్ట్రెచింగ్ చేసినవాళ్ళకన్నా వాళ్ళు తక్కువగా పడ్డారు.

ఇప్పుడు డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు చెప్పే లెక్క వారానికి 150 నిమిషాలు. ట్రెడ్‌మిల్ కొనక్కర్లేదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత జోరు చాలు. గుండె జబ్బు, బీపీ ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. నిలబడితే కళ్ళు తిరిగేవాళ్ళూ, తూలేవాళ్ళూ కదలకుండా ఉండే ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కడం మేలు.

వారంలో ఇలా సర్దుకోండి:

- నాలుగైదు రోజులు జోరు నడక, అరగంట. ఒకేసారి కాకపోతే పది నిమిషాల చొప్పున మూడు విడతలు.
- రెండు రోజులు బలానికి: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆన్చి తోయడం, రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కడం. మధ్యలో ఒక రోజు విరామం ఇవ్వండి.
- రెండు మూడు రోజులు నిలకడకు: వంటింటి గట్టు పక్కన నిలబడి ఒంటికాలి మీద ఆగడం, ఒక కాలి వేళ్ళ ముందు రెండో కాలి మడమ ఆన్చి నడవడం. గట్టు అందేంత దూరంలోనే ఉండాలి, కాళ్ళ కింద పట్టాలూ తడీ ఉండకూడదు.
- రోజూ లేవగానే భుజాలు, మెడ, పిక్కలు సాగదీయడం.

దీనిలో అసలు కిటుకు ‘పెద్దగా’ చేయడం. ఈ జబ్బులో కదలికకు మెదడు వేసే కొలత చిన్నదైపోతుంది. మీరు మామూలు అడుగే వేశాననుకుంటారు, చూసేవాళ్ళకు అది పాకుతున్నట్టు ఉంటుంది. అందుకని మీకు అతిగా అనిపించేంత పెద్దగా చేయండి: మోకాలు ఎత్తి, మడమ ముందు ఆనేలా అడుగు, జెండా వందనంలో కవాతు చేసినంత బాహాటంగా చేతులు ఊపడం. ఎల్ఎస్‌వీటీ బిగ్ అనే ఫిజియోథెరపీ పద్ధతి అంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది. వారానికి నాలుగు రోజులు, గంట చొప్పున, నాలుగు వారాలు నేర్పుతారు. నేర్పేవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే వదలకండి.

చేతిరాత కూడా ఇలాగే కుదించుకుపోతుంది. మా పెద్దనాన్న రామకోటి పుస్తకం పట్టారు. గడి చివరిదాకా ‘శ్రీరామ’ నిండాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ‘శ్రీ’ గుడిదీర్ఘం గడి పైగీతకు తగలాలి, రావత్తు సున్నా చుట్టినంత గుండ్రంగా తిరగాలి. పేజీ చివరికి వచ్చేసరికి అక్షరాలు చీమల్లా తయారైతే అక్కడ పెన్ను మూసేస్తారు. సంతకం కలవలేదని బ్యాంకులో తిప్పి పంపడం ఈ జబ్బు ఉన్న ఇళ్ళలో కొత్తేమీ కాదు కాబట్టి ఈ కసరత్తు దేవుడికే కాదు, ఇంటికీ పనికొచ్చేదే. దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళు నాలుగు గీతల కాపీ పుస్తకం తెచ్చుకోండి.

నడకకు ఇద్దరూ కలిసే వెళ్ళాలన్న నియమం పెట్టుకోకండి. ఆవిడ మీ వేగానికి తగ్గితే ఆవిడ షుగరు తగ్గదు, మీరు ఆవిడ వేగం అందుకోబోతే పడతారు. ఒకే పార్కులో ఎవరి నడక వాళ్ళు నడవండి, ప్రతి చుట్టుకూ ఎలాగూ ఎదురుపడతారు. కబుర్లు మాత్రం బెంచీ మీద కూర్చున్నాకే. నడుస్తూ మాట్లాడితే ఈ జబ్బులో నడక దెబ్బతింటుంది. రోడ్డు దాటేటప్పుడైతే అసలే వద్దు.

3. అడుగు అతుక్కుపోయినప్పుడు

గుమ్మం దగ్గర, లిఫ్టు ముందు, మలుపులో, కాళ్ళు నేలకు మేకు కొట్టినట్టు ఆగిపోతాయి. వెనక జనం ఉంటే ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. అప్పుడు వరసగా ఇవి చేయండి:

1. ముందుకు ఒరగకండి, ఆగండి. గాలి పీల్చి వదలండి.
2. నడుం, మెడ నిటారుగా చేయండి.
3. ఒంటి బరువు కుడికాలి మీదకు, ఎడమకాలి మీదకు మెల్లగా ఊగించండి.
4. “ఒకటి, రెండు, మూడు” అని పైకి లెక్కపెట్టి, మూడుకు మోకాలు ఎత్తి పెద్ద అడుగు వేయండి.

నేల మీద అడ్డగీత కనిపిస్తే దాన్ని దాటడం సులువవుతుంది. మెదడు వేరే దారిలో పని కానిస్తుందన్నమాట. మన గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం ఇందుకు ఎంత బాగా కలిసొస్తుందో చూడండి. పసుపు గీతను తొక్కకుండా దాటాలని చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు కాళ్ళకు గుర్తుంటుంది. అపార్ట్‌మెంట్లో గడప లేని గుమ్మాలకు, నడవాకు, బాత్రూం బయట రంగు టేపు అతికించండి, గీతకూ గీతకూ మీ మామూలు అడుగంత ఎడం ఉంచండి.

లయ కూడా అలాగే పనిచేస్తుంది. కోలాటం, చెక్కభజన తెలిసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. మనసులో “తకధిమి తకధిమి” అనుకుంటూ ఒక్కో అక్షరానికి ఒక్కో అడుగు వేయండి. తిరగాల్సి వస్తే నిలబడ్డచోటే గిరుక్కున తిరగకండి, బస్సు మలుపు తీసుకున్నట్టు వెడల్పుగా తిరిగి రండి.

ఇందులో ఆవిడ పని ఏమిటో ఇప్పుడే మాట్లాడుకోండి. చెయ్యి పట్టుకుని లాగకూడదు. లాగితే పైభాగం కదులుతుంది, పాదాలు కదలవు, ఇద్దరూ కలిసి పడతారు. “నడువు, నడువు, ఎందుకు ఆగావ్” అన్న తొందర అసలు పనికిరాదు. ఒకే ఒక్క మాట ఎంచుకోండి. మా పెద్దమ్మ “పెద్ద అడుగు” అంటుంది, అంతే. ఓసారి వంటింటి గుమ్మంలో పెద్దనాన్న ఆగిపోతే, ఆవిడ పొయ్యి మీది పోపు వదలకుండానే, వెనక్కి తిరిగి చూడకుండానే “పెద్ద అడుగు” అంది. ఆయన కుడిపాదం ఎత్తి గడప దాటేశారు. ఆవిడ చేతిలో గరిటె ఆగలేదు.

4. లేవడం, దొర్లడం, పడితే లేవడం

మెత్తటి లోతు సోఫాను వదిలేయండి. చేతులున్న గట్టి కుర్చీ, మోకాలి ఎత్తుకు కాస్త పైన ఉన్నది, మీ చోటు. లేచేటప్పుడు ముందు కుర్చీ అంచుకు జరగండి. పాదాలు మోకాళ్ళ కన్నా వెనక్కి లాగండి. ముక్కు కాలివేళ్ళ మీదకు వచ్చేంత ముందుకు వంగి, చేతులతో నొక్కి ఒక్క ఊపులో లేవండి. లేచాక రెండు క్షణాలు అక్కడే నిలబడండి. ఈ జబ్బులోనూ, దాని మందుల వల్లా కూడా నిలబడగానే బీపీ పడిపోవచ్చు. తరచూ కళ్ళు తిరుగుతుంటే, అప్పటికే వాడుతున్న బీపీ మాత్ర మోతాదు తగ్గించాల్సి ఉందేమో డాక్టర్‌ను అడగండి.

మంచం మీద దొర్లడం కష్టమైతే నడుం కింద వచ్చేలా నున్నటి సిల్కు లాంటి గుడ్డ పరచుకోండి, బరువైన రగ్గు వద్దు. మోకాళ్ళు మడిచి, అవి పక్కకు వాల్చి, తర్వాత భుజం తిప్పండి. రాత్రి పక్కకు తిప్పమని ఆవిడను లేపే అవసరం ఇలా చాలావరకు తగ్గుతుంది. ఆవిడ నిద్ర ఆవిడకు మందుతో సమానం.

పడిపోతే కంగారుగా లేవబోకండి. ఆవిడ కూడా చంకల్లో చేతులు వేసి ఎత్తబోకూడదు. ముందు ఎక్కడ నొప్పో చూసుకోండి. తల తగిలినా, తుంటి దగ్గర భరించలేని నొప్పి ఉన్నా కదలకుండా 108కి ఫోన్ చేయించండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు తల తగిలితే, పైకి దెబ్బ కనపడకపోయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఏమీ లేదంటే పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, మోకాళ్ళ మీదకు రండి. ఆవిడ గట్టి కుర్చీ తెచ్చి మీ ముందు పెట్టి పట్టుకుంటుంది. కుర్చీ మీద చేతులు ఆన్చి, బలంగా ఉన్న కాలిని ముందుకు వేసి, నొక్కి లేచి కుర్చీలో కూర్చోండి. దీన్ని పడకముందే, ‘ఆన్’ సమయంలో ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఇద్దరూ కలిసి నేర్చుకోవాలి. పడ్డాక నేర్చుకునేది కాదు.

లుంగీ, జీరాడే పంచె, కుచ్చిళ్ళు నేల రాసే చీర కాళ్ళకు అడ్డం పడతాయి. ఇంట్లో ఎలాస్టిక్ ప్యాంటు, నైటీ చీలమండ పైకి ఉండేలా చూసుకోండి. బాత్రూంలో తడి, పాయిఖానాలో పట్టుకోవడానికి కమ్మీ లేకపోవడం, ఈ రెండింటినీ ఈ వారమే సరిచేయండి.

5. మీ ముఖం చెప్పనిది నోటితో చెప్పండి

ముఖ కండరాలు కూడా బిగుసుకుంటాయి. ఆవిడ వేడిగా కాఫీ తెచ్చిస్తే మీ లోపల సంతోషమే, ముఖంలో మాత్రం ఏమీ కదలదు. ఏళ్ళ తరబడి మీ ముఖం చూసి మనసు తెలుసుకున్న మనిషికి అది కోపంలా, విసుగులా కనిపిస్తుంది. ఆవిడ మౌనంగా బాధపడుతుంది, మీకు కారణం తెలియదు. నా ఉద్దేశంలో ఈ జబ్బు ఒక కాపురానికి చేసే పెద్ద నష్టం వణుకు కాదు, ఇదే. సరిచేసుకోవడం ఖర్చు లేని పని: మాటల్లో చెప్పండి. “కాఫీ బాగుంది.” “ఇవాళ నాకు చిరాగ్గా ఉంది, నీ మీద కాదు.” కొత్తలో నాటకంలా అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

గొంతు కూడా తగ్గిపోతుంది, తగ్గిందని మీకు తెలియదు. ఆవిడకు చెవులు కాస్త మందగిస్తే ఇక ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి, ఇద్దరికీ విసుగు. రోజూ పది నిమిషాలు పేపరు పైకి చదవండి, పక్క గదికి వినిపించాలన్నంత గట్టిగా. శ్లోకమో, పద్యమో, వేమనో మీ ఇష్టం. గుక్క పట్టి “ఆ...” అని వీలైనంతసేపు అనండి. ఎల్ఎస్‌వీటీ లౌడ్ అని దీనికీ స్పీచ్ థెరపీ ఉంది. మింగడంలో పొరబోతుంటే మాత్రం సొంత వైద్యం వద్దు, స్పీచ్ థెరపిస్ట్‌కు చూపించండి. ఈలోపు నిటారుగా కూర్చుని, చిన్న ముద్దలు, ఒక ముద్ద పూర్తిగా దిగాకే రెండోది. టీవీ ఆపేసి తినండి.

మీ వాక్యాన్ని ఆవిడ పూర్తి చేయకుండా ఆగాలని కూడా అడగండి. మీకు మాట ఆలస్యమవుతుంది, అర్థం ఆలస్యం కాదు.

6. ఇంటి పనిలో మీ వాటా

ఒక్క పనైనా పూర్తిగా మీదిగా తీసుకోండి. ‘సాయం చేయడం’ వద్దు, ఆ పని గురించి ఆవిడ ఇక ఆలోచించక్కర్లేదు అన్నట్టు ఉండాలి. కూర్చుని చేసేవి బోలెడు ఉన్నాయి: చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం, చింతపండులో గింజలు తీయడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం, కరెంటు బిల్లు ఫోన్లో కట్టడం, గ్యాస్ బుక్ చేయడం. వేళ్ళకు ఇంతకన్నా మంచి కసరత్తు ఎవరూ రాసివ్వరు. వేడి నూనె, కత్తిపీట, స్టూలెక్కి అటక దులపడం మీ జాబితాలోంచి కొట్టేయండి.

మీకు గంట పడుతుంది. పట్టనివ్వండి. “నువ్వు లే, నేను చేస్తా” అని ఆవిడ లాక్కోబోతే ఇవ్వకండి.

ఒక పని మాత్రం తప్పకుండా మీరే పెట్టుకోవాలి, ఆవిడ ఆరోగ్యం. మీ మాత్రల నోట్‌బుక్‌లోనే వెనక పేజీలో ఆవిడ బీపీ మాత్ర, షుగరు పరీక్ష తేదీ, కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ రాయండి. ఆవిడ “తర్వాత చూద్దాంలే” అంటుంది, మీరే ఫోన్ చేసి బుక్ చేయండి. మా పెద్దమ్మ మోకాలి ఎక్స్‌రే ఏళ్ళ తరబడి వాయిదా పడింది. చివరికి పెద్దనాన్న ఆటో పిలిచి, గేటు దగ్గర నిలబడి, కదలనని భీష్మించుకుంటే గానీ ఆవిడ బయల్దేరలేదు.

7. ఆవిడను బయటికి పంపండి

వారంలో కనీసం రెండు పూటలు ఆవిడ మీ గురించి ఆలోచించని చోట ఉండాలి. గుడి, చెల్లెలి ఇల్లు, భజన, చీరల కొట్టు, ఎక్కడైనా సరే. ఇది ఆవిడ అడగదు. మీరే మొదలుపెట్టాలి. మీ ‘ఆన్’ సమయం ఎంచుకుని, ఆవిడ బయల్దేరే ముందు మూత తేలిగ్గా వచ్చే నీళ్ళ సీసా, ఆ పూట మాత్ర డబ్బాలో, ఫోన్ మెడలో, పక్కింటివాళ్ళ దగ్గర ఒక తాళంచెవి ఉన్నాయో లేదో చూసుకోండి. ఆవిడ వెళ్ళాక అరగంటకోసారి ఫోన్ చేయకండి, అప్పుడు వెళ్ళినట్టే కాదు.

పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉంటే వీడియో కాల్‌లో “ఎలా ఉన్నావ్ నాన్నా” దగ్గరే ఆగనివ్వకండి. వాళ్ళు చేయగలిగిన పని అప్పజెప్పండి: నెలకు మాత్రలు తెప్పించడం, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, వారానికి రెండు రోజులు వచ్చే మనిషి జీతం. ఆవిడ బాగా కుంగిపోయినట్టు కనిపించినా, మీరే ఏ పని మీదా మనసు లేక రోజంతా కూర్చుండిపోతున్నా, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. దిగులు, ఏదీ చేయాలనిపించకపోవడం ఈ జబ్బులో భాగమే, మందు ఉంది. ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకం అంటే ఈ ముక్క చదివి వినిపించండి. వయోవృద్ధుల కోసం 14567 అనే హెల్ప్‌లైన్ కూడా ఉంది.

8. ఆవిడకు ముందే చెప్పి ఉంచాల్సినవి

కొన్ని సంగతులు మీ అంతట మీకు తెలియకపోవచ్చు, ఆవిడే పట్టుకోవాలి.

నిద్రలో అరవడం, తన్నడం, కలలో పోట్లాడుతున్నట్టు చేతులు విసరడం ఈ జబ్బులో ఉంటుంది. దెబ్బ తగిలేది పక్కన పడుకున్న ఆవిడకు. మొహమాటపడకుండా కొన్నాళ్ళు వేరే మంచం వేసుకోండి, డాక్టర్‌కు చెప్పండి, తగ్గించే మందులున్నాయి.

ప్రమిపెక్సాల్, రోపినిరోల్ లాంటి మాత్రలు కొందరిలో పట్టలేని కోరికలు పుట్టిస్తాయి. ఆన్‌లైన్ రమ్మీ, అదుపులేని షాపింగ్, తిండి యావ, లైంగిక కోరిక పెరిగిపోవడం. అది మనిషి బుద్ధి కాదు, మందు పని. అయినా డబ్బు పోయేది నిజం డబ్బే. ఈ మాత్రలు రాసినరోజే ఆవిడకు ఈ సంగతి చెప్పండి, బ్యాంకు మెసేజ్‌లు ఆవిడ ఫోన్‌కు కూడా వచ్చేలా చేయండి. అలాంటిది కనబడితే డాక్టర్‌కు చెప్పి మోతాదు మార్పించుకోవాలి, సొంతంగా ఆపకూడదు.

గదిలో ఎవరో నిలబడ్డట్టు, పిల్లలు ఆడుతున్నట్టు కనిపించడం మొదలైతే దాచకండి. ఆవిడ వాదించక్కర్లేదు, లైటు వేసి మాట మళ్ళిస్తే చాలు. మర్నాడు డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

9. డాక్టర్ దగ్గరకు ఇద్దరూ వెళ్ళండి

న్యూరాలజిస్ట్ దగ్గర ఆవిడకూ రెండు నిమిషాలు మాట్లాడే వీలు ఇవ్వండి. మీరు కనిపించే ఆ పది నిమిషాలు మీరు ‘ఆన్’లో చక్కగా ఉంటారు. ఇంట్లో ఎలా ఉంటారో ఆవిడకే తెలుసు. మందులతో ‘ఆన్’, ‘ఆఫ్’ ఊగిసలాట అదుపు కాకపోతే డీబీఎస్ ఆపరేషన్ (మెదడులో సన్నటి తీగలు పెట్టి కొద్దిపాటి కరెంటు పంపేది) మీకు పనికొస్తుందా అని అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో కూడా చేస్తారు. అందరికీ సరిపడేది కాదు.

ఇంతకన్నా ముఖ్యం మిగతా డాక్టర్ల దగ్గర. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, తలతిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, గ్యాస్ మాత్రల్లో కలిసి వచ్చే లెవోసల్పిరైడ్, ఆసుపత్రిలో గందరగోళంగా ఉన్న రోగికి ఇచ్చే హాలోపెరిడాల్, ఇవన్నీ పార్కిన్సన్స్‌ను పెంచుతాయి. మందుల షాపులో “గ్యాస్‌కు ఏదైనా ఇవ్వండి” అని అడగడం ఇక కట్టిపెట్టండి. దూలగొండి గింజల పొడిలో సహజంగానే లెవోడోపా ఉంటుంది. మాత్రతో పాటు అది కూడా వేసుకుంటే మోతాదు ఎంత పడుతోందో ఎవరికీ తెలియదు, కాబట్టి డాక్టర్‌కు చెప్పకుండా వాడొద్దు.

ఒక తెల్లకాగితం మీద మీ మందులు, టైములు, ఇవ్వకూడని ఈ మందుల పేర్లు రాసి ఫోటో తీసి మీ ఫోన్లో, ఆవిడ ఫోన్లో, పిల్లల ఫోన్లో ఉంచండి. ఏ జ్వరానికో, ఆపరేషన్‌కో ఆసుపత్రిలో చేరితే వార్డులో మాత్రల టైము వాళ్ళ రౌండ్ల ప్రకారం మారిపోతుంది. ఆ కాగితం చూపించి, మాత్ర మీ టైముకే పడాలని ఆవిడ మొదటిరోజే సిస్టర్‌కు చెప్పాలి.

10. కాగితం పని

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన అని తేలితేనే చాలా పథకాలు వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో సదరం క్యాంపులో (వైకల్యం ఎంతో తేల్చే ప్రభుత్వ వైద్య శిబిరం) పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తారు, దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దరఖాస్తు చేసుకోవచ్చు. న్యూరాలజిస్ట్ రాసిన పాత చీటీలు, స్కాన్ రిపోర్టులు, ఆధార్, ఫోటోలు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి. క్యాంపులో గంటల తరబడి కూర్చోవాల్సి రావచ్చు, మధ్యాహ్నం మాత్ర, నీళ్ళు, ఆవిడకు తినడానికి ఏదైనా సంచీలో వేసుకోవడం మరవకండి.